ఏడో పేజీ దిద్దుబాటు

పదకొండు వ్యాన్లు పది నెలలపాటు కదలకుండా నిలబడితే ఏమవుతుందో అమ్మే వృత్తిలో లేనివాళ్ళకి తెలియదు. టైర్లు నేలకి ఆనిన వైపు చదునవుతాయి. బ్యాటరీలు నీరసపడతాయి. చివరి వరసలోని బండి బానెట్ కింద ఒక పిల్లి కాపురం పెట్టి నాలుగు పిల్లల్ని కంటుంది. నాలుగో నెల నుంచీ ఇంట్లోవాళ్ళు వ్యాన్ల ఊసెత్తడం మానేస్తారు. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆ ఊసెత్తకపోవడమే ఎత్తిపొడుపులా వినిపిస్తుంది.

నేను వాడిన బళ్ళు కొని అమ్ముతాను. జర్మనీలో తయారై, అక్కడ పార్శిళ్ళు మోస్తూ నాలుగేళ్ళు తిరిగి, ఓడెక్కి వచ్చిన తెల్ల వ్యాన్లని వేలంలో ఒకే చేత్తో పదకొండు తీసుకున్నాను. ఇంజన్లు భేషుగ్గా ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. బండి లోపల కనిపించే ప్రతి అక్షరమూ జర్మనే. చూడటానికి వచ్చినవాళ్ళు డ్యాష్‌బోర్డు మీద వెలిగే మాటలు చూసి, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగేవారు.

అలా తిరిగిపోనివాడు ఒక్కడే దొరికాడు. ఆసుపత్రులకీ హోటళ్ళకీ దుప్పట్లు, తువ్వాళ్ళు ఉతికి పంపే లాండ్రీ యజమాని. ఆయన చొక్కా మీద మడత ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మాటలో కూడా మడత ఉండదు. అందుకే మార్కెట్లో అందరూ ఆయన్ని ఇస్త్రీ సారు అంటారు. వెంట తన పెద్ద డ్రైవర్‌ని తెచ్చుకున్నారు. ఆయన పేరు నిదానం. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉందట, ఆయనకే గుర్తుచేయాలి. నలభై ఏళ్ళుగా బండి నడుపుతూ ఒక్కసారి కూడా కోపంగా హారన్ కొట్టని మనిషి.

నిదానం ఒక వ్యాన్ తీసుకుని, లాండ్రీ నుంచి కొండ అవతలి ఆసుపత్రికి దుప్పట్లతో వెళ్ళి, మాసినవి వేసుకుని తిరిగొచ్చాడు. డెబ్భై కిలోమీటర్లు. ఏడున్నర లీటర్ల డీజిల్ పట్టింది.

"మా పాత బళ్ళకీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు," అన్నారు ఇస్త్రీ సారు.

నా గుండె జారింది గాని ముఖం జారనివ్వలేదు. ఆయన ముందు సీటు పక్కనున్న అర తెరిచి ఒక చిన్న పుస్తకం తీశారు. ఇరవై నాలుగు పేజీలు. అట్ట మీద నవ్వుతున్న డీజిల్ పంపు బొమ్మ. వెనక అట్ట మీద పెద్ద అంకెల్లో పదిహేను, పక్కన శాతం గుర్తు.

"ఇదేంటి?"

"పొదుపుగా నడపడం ఎలాగో చెప్పే పుస్తకం," అన్నాను. బొమ్మ చూసి చెప్పానని ఆయనకి తెలియదు. "ఇందులో ఉన్నట్టు నడిపితే నూటికి పదిహేను ఆదా."

ఇస్త్రీ సారు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టారు. "అయితే ఇది మన భాషలో రాయించి అచ్చేయించండి. మా డ్రైవర్లు చదవాలి. నిదానం అది చదివి మళ్ళీ అదే రూటులో వెళ్తాడు. ఆరున్నర లీటర్ల లోపు రావాలి. రెండు ట్రిప్పులు చూస్తాను, ఈ మంగళవారం కాక వచ్చే మంగళవారం ఒకటి, ఆ గురువారం ఒకటి. ఏ ఒక్కదాంట్లో వచ్చినా పదకొండు బళ్ళూ నావి. రాకపోతే ఒక్కటి కూడా వద్దు."

నాకు నచ్చే బేరగాడు అలాగే ఉంటాడు. ఎక్కడ గెలుస్తామో, ఎక్కడ మునుగుతామో ముందే గీత గీసి చూపిస్తాడు.

జర్మన్ తెలిసినవాళ్ళ కోసం నేను వెతకక్కర్లేదు. మా ఇంట్లోనే ఉంది. మా అన్నయ్య భార్య, మా వదిన, ముప్ఫై రెండేళ్ళు కాలేజీలో జర్మన్ చెప్పి రిటైరైంది. ఆమెకి డ్రైవింగ్ రాదు. రావాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. పుస్తకం ఇచ్చి విషయం చెబితే, కళ్ళజోడు సర్దుకుని రెండు పేజీలు చదివి, "చేస్తాను గాని మరిదీ, ఒక షరతు," అంది.

"చెప్పు వదినా."

"అట్ట మీద నా పేరుండాలి. అనువాదం ఫలానా అని. ఇన్నేళ్ళు పిల్లల తప్పులు దిద్దడమే గాని, నా పేరుతో ఒక్క కాగితమూ అచ్చు కాలేదు."

పేరు అచ్చేస్తే నాకు పోయేదేముంది, రెండు చుక్కల సిరా. వెంటనే ఒప్పేసుకున్నాను. బేరంలో అవతలి మనిషి తేలిగ్గా అడిగినంత మాత్రాన అది తేలికైనది కాదని, ఇన్నేళ్ళ వ్యాపారం చేసిన నాకు తట్టి ఉండాల్సింది.

వదిన పని చేసే తీరు వేరు. వస్తువు చూడకుండా మాట రాయదు. నిఘంటువులు రెండు సంచిలో వేసుకుని ఆటోలో యార్డుకి వచ్చేది. బానెట్ తెరిపించి ఇంజన్ వైపు, మార్కులు తక్కువొచ్చిన విద్యార్థిని చూసినట్టు చూసేది.

"డ్రేత్సాల్ అంటే ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క. దాన్ని మీ డ్రైవర్లు ఏమంటారు?"

"ఆర్పీఎం."

"అంటే ఏమిటో వాళ్ళకి తెలుసా?"

"ముల్లు ఎర్ర గీతలోకి పోకూడదని తెలుసు."

"అయితే 'చుట్లు' అని రాస్తాను. ఇంజన్ తిరిగే చుట్లు. దీనికి ఎవడూ నిఘంటువు చూడక్కర్లేదు."

తరువాత మోటోర్‌లాస్ట్ దగ్గర ఒక పూటంతా ఆగిపోయింది. బండిలో వేసే సరుకు గురించి కాదట. సరుకూ, ఎత్తూ, ఎదురుగాలీ, డ్రైవర్ కాలూ అన్నీ కలిసి ఇంజన్ చేత ఎంత పని చేయిస్తున్నాయో ఆ సంగతట. చివరికి 'ఇంజన్ మీద భారం' అని రాసి, ఇది సరుకు బరువు ఒక్కటే కాదని కింద ఒక వాక్యం కలిపింది. ఇంజన్‌కి డీజిల్ ఆగిపోవడం గురించిన షూబ్‌అబ్‌షాల్టుంగ్ అనే మాటని నేను వేలితో లెక్కపెట్టాను. వాళ్ళ లిపిలో పదహారు అక్షరాలు. ఆ మాటకి వదిన నాలుగు రోజులు తీసుకుంది. అంటే రోజుకి నాలుగు అక్షరాలు. ఈ లెక్కన పుస్తకం పూర్తయ్యేసరికి పిల్లి పిల్లలకి పెళ్ళీడు వస్తుందని మా ఆవిడతో అన్నాను.

"మీరు పది నెలల్లో ఒక్క బండి అమ్మలేదు. అక్క నాలుగు రోజుల్లో ఒక మాట తేల్చింది. ఎవరు నయం?" అంది మా ఆవిడ. ఊసెత్తడం మళ్ళీ మొదలైందన్నమాట.

ఒక మధ్యాహ్నం వదిన నన్ను ఇంటికి పిలిచి తన పాత కుట్టు మిషను ముందు కూర్చోబెట్టింది. కాలితో తొక్కేది. బట్ట పెట్టకుండా తొక్కమంది. తొక్కాను. సూది ఖాళీగా టకటకలాడింది.

"కాలు లాగుతోందా?"

"లాగకేం."

"ఇప్పుడు ఏం కుట్టావు?"

"ఏమీ కుట్టలేదు."

"అదీ సంగతి. ఇంజన్ కూడా ఊరికే తిరగడానికే కొంత డీజిల్ తాగుతుంది. ఎన్ని చుట్లు తిరిగితే అంత తాగుడు. అందుకని తక్కువ చుట్లు తిప్పి, ప్రతి చుట్టులో ఎక్కువ పని చేయించుకోమంటున్నాడు ఈ పుస్తకం రాసినవాడు. తేలిక భారం మీద ఎక్కువ చుట్లు కాదు, గట్టి భారం మీద తక్కువ చుట్లు."

"ఇంజన్ కుట్టు మిషను కాదు వదినా," అన్నాను నవ్వి.

"కాదనుకో. కానీ తొక్కేది రెంటినీ కాలితోనే కదా," అంది తను.

ఆ మాట అక్కడే పట్టుకుని ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు.

శనివారం ప్రెస్సుకి వెళ్ళి ప్రూఫు తీసుకున్నాను. యాభై ప్రతులు, సోమవారానికి కావాలి. అట్ట మీద వదిన పేరు ముచ్చటగా వచ్చింది. ప్రెస్సు బల్ల దగ్గరే నిలబడి చదువుతూ ఏడో పేజీకి వచ్చాను. ఇలా ఉంది:

'బండి కదిలాక యాక్సిలరేటర్‌ని ముప్పాతిక వంతు తొక్కండి. నిమిషానికి రెండు వేల చుట్లు దాటకముందే పై గేరు వేయండి. దిగుడులో గేరు తీయకండి. కాలు మాత్రం తీసేయండి. అప్పుడు ఇంజన్‌ని చక్రాలే తిప్పుతాయి, డీజిల్ ఒక్క చుక్క కూడా దానికి అందదు.'

నాకు నవ్వొచ్చింది. తరువాత జాలేసింది. డీజిల్ ఆదా చేయాలంటే ముప్పాతిక తొక్కాలా? మా నాన్న నాకు స్టీరింగు ఇచ్చిన మొదటిరోజే, కాలి కింద కోడిగుడ్డు ఉందనుకుని నడపమన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గుడ్డు పగలకుండా నడుపుతున్నాను. దిగుడు వస్తే గేరు తీసేసి న్యూట్రల్లో జారతాను. అది తెలియని డ్రైవర్ ఈ మార్కెట్లోనే లేడు. ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతూ చుక్క కూడా తాగదట, ఎవరు నమ్ముతారు? బండి ఎక్కడమే గాని నడపడం రాని మనిషి కాబట్టి, పాపం, వదిన వాక్యాన్ని తలకిందులు చేసిందని నిశ్చయించుకున్నాను. సరుకులో లోపం ఉంటే కొనేవాడి కంట పడకముందే సరిచేయడం నా వృత్తి. ప్రెస్సువాడి పెన్ను తీసుకుని ఏడో పేజీ దిద్దాను:

'యాక్సిలరేటర్ మీద కాలు గుడ్డు మీద పెట్టినట్టు పెట్టండి. ఇంజన్ హాయిగా పాడేదాకా ఆగి గేరు మార్చండి. దిగుడులో గేరు తీసి న్యూట్రల్లో దిగండి.'

చదువుకుంటే నాకే ముచ్చటేసింది. వదిన పరువు కాపాడానన్న తృప్తి కూడా కలిగింది.

"అక్కకి చూపించారా?" అని మా ఆవిడ అడిగింది.

"టైము లేదు, అచ్చుకి పోయింది," అన్నాను. అందులో అబద్ధం లేదు. అచ్చుకి పంపింది నేనే.

అంతటితో ఆగలేదు. బండి మీటర్ల మధ్య పైకి చూపించే పచ్చ బాణం ఒకటి మాటిమాటికీ వెలుగుతుంది. పై గేరు వేయమని దాని గోల. డ్రైవర్‌కి కంగారు ఎందుకని దాని మీద నల్ల టేపు ముక్క అంటించాను.

మంగళవారం ఉదయం ఇస్త్రీ సారు స్వయంగా ట్యాంకు నింపారు. ఆయన నింపే తీరు చూడాల్సిందే. ట్యాంకు మూతి చుట్టూ తెల్ల తువ్వాలు పరిచి, చేతికి తొడుగులు వేసుకుని, డీజిల్ మూతి అంచుని తాకేదాకా పోసి, తల వంచి కంటితో కొలిచారు. తిరిగొచ్చాక మళ్ళీ అదే అంచుకి వచ్చేదాకా లీటరు కొలత డబ్బాతో పోయడం. ఎన్ని పడితే అన్ని తాగినట్టు. డబ్బాకి వంద మిల్లీలకి ఒక గీత ఉంది.

నేను నిదానం పక్కన కూర్చున్నాను. ఆయన ముందురోజే పుస్తకం చదివేశాడు. ఏడో పేజీ మడిచి పెట్టుకున్నాడు.

"సారూ, ఇన్నేళ్ళకి ఒక పుస్తకం నన్ను మెచ్చుకుంది," అన్నాడు. "ఇందులో ఉన్నదంతా నేను మొదట్నించీ చేస్తున్నదే. జర్మనీవాళ్ళు కూడా మన లెక్కకే వచ్చారు చూడండి."

నాకు అక్కడే ఏదో చుర్రుమంది. కానీ బండి కదిలింది. గుడ్డు పగలకుండా కదిలింది. రెండో గేరులో ఇంజన్ హాయిగా పాడింది, మూడో గేరులో ఇంకాస్త పాడింది. వెనక బళ్ళు హారన్లు కొట్టాయి. కొండ ఎక్కి, అవతలి దిగుడులో నిదానం గేరు తీసి, సీటుకి చేరబడి, "ఇప్పుడు ఫ్రీ," అన్నాడు. కింద మలుపు దగ్గరికి వచ్చేసరికి బ్రేకులు కాలిన వాసన కొట్టాయి. "ఫ్రీ అన్నాక ఆ మాత్రం వాసన ఉంటుంది," అన్నాడు.

తిరిగొచ్చాక ఇస్త్రీ సారు డబ్బాతో పోశారు. ఏడు డబ్బాలు నిండుగా పట్టాయి. ఎనిమిదో దాంట్లో నాలుగు గీతలు దిగాక ఆగింది. ఏడు లీటర్ల నాలుగు వందలు.

 నేను మనసులో లెక్క వేసుకున్నాను. జర్మన్ పుస్తకం దొరికింది, చదివించాను, అచ్చేయించాను. చివరికి అందులో ఉన్నది నిదానానికీ నాకూ ముందే తెలిసిన ముక్క. నా మాటనే జర్మనీ దాకా తిప్పి తెచ్చి నాకు నేనే అమ్ముకున్నాను. ఇన్నేళ్ళలో ఇంత తెలివితక్కువ సరుకు నేను కొనలేదు.

"జర్మన్లు అబద్ధం రాశారా, అనువాదం తప్పా?" అన్నారు ఇస్త్రీ సారు, తొడుగులు విప్పుతూ.

అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ నాకు నచ్చదు. జర్మన్లు అబద్ధం రాశారంటే బండి పోతుంది. నేను దిద్దానంటే నేను పోతాను. "అనువాదంలో ఎక్కడో తేడా వచ్చినట్టుంది," అన్నాను.

"అయితే అడుగుదాం," అని ఆయన పుస్తకం అట్ట చూసి, వదిన పేరూ, పక్కనున్న కాలేజీ పేరూ పైకి చదివి, నన్ను అడగకుండానే కాలేజీకి ఫోన్ చేసి ఆమె నంబరు తీసుకున్నారు. రెండు చుక్కల సిరా అనుకున్నాను కదా. ఆ సిరా అప్పుడు ఎండింది.

మర్నాడు ఉదయం తొమ్మిదికల్లా వదిన యార్డులో ఉంది. చేతిలో తన నోటుబుక్కు, అచ్చు పుస్తకం, ఎర్ర పెన్సిలు. నా ఆఫీసు గదిలో ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చుని, రెంటినీ పక్కపక్కన పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఏడో పేజీ అని నేనే చెప్పేసి ఉంటే పది నిమిషాలు మిగిలేవి. చెప్పలేదు. గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాను.

పెన్సిలు ఆగింది.

"మరిదీ."

"ఊఁ."

"ఇంజన్ పాడుతుందా?"

నేను క్యాలెండరు కాగితం ఒకటి తిప్పాను.

"ఇరవై మూడు పేజీల్లో ఎక్కడా పాట లేదు. ఏడో పేజీలో ఒక్కసారిగా పాట వచ్చింది. గుడ్డు కూడా వచ్చింది. జర్మన్ పుస్తకంలో గుడ్డు ఎక్కడిదయ్యా?"

"వదినా, నీకు డ్రైవింగ్ రాదు కదా, పొరపాటు పడ్డావేమోనని…"

"నాకు డ్రైవింగ్ రాదు. అందుకే వాడు ఏం చెప్పాడో అదే రాశాను. నీకు వచ్చు. అందుకే నీ మాట రాశావు. కింద పేరు మాత్రం నాది." గొంతు పెంచలేదు. ముప్ఫై రెండేళ్ళు తరగతిని గొంతు పెంచకుండానే ఊపిరి బిగబట్టించిన మనిషి. "ఇస్త్రీ సారు ఫోన్లో ఏమన్నారో తెలుసా? అమ్మా, మీరు బాగానే చదువుకున్నట్టున్నారు గాని బండి గురించి తెలియదనుకుంటా, అన్నారు. మెత్తగానే అన్నారు."

"నేను వెళ్ళి చెప్పేస్తాను."

"ఏమని?"

"ప్రెస్సువాడు…"

వదిన పెన్సిలు బల్ల మీద పెట్టింది. ఆ చిన్న చప్పుడికి నా వాక్యం అక్కడే తెగిపోయింది.

"రేపటి ట్రిప్పులో బండిలో నేను కూర్చుంటాను," అంది. "నువ్వు వెనకాల దుప్పట్లతో కూర్చో. తప్పు ఎవరిదో నేను చెప్పను. చెప్పాలో వద్దో నువ్వే చూసుకో. కానీ ఈ పుస్తకం నా పేరుతో ఇలా ఒక్క డ్రైవర్ చేతికి పోయినా, మీ అన్నయ్య ఇంటి గడప తొక్కడం నీకు కుదరదు."

గురువారం నేను లాండ్రీ దుప్పట్ల కట్టల మధ్య కూర్చున్నాను. ముందు సీట్లకీ నాకూ మధ్య జాలీ. అందులోంచి నిదానం తల, వదిన కొప్పు కనిపిస్తున్నాయి. ఎక్కగానే వదిన చేసిన మొదటి పని, మీటర్ల మీది నల్ల టేపు గోటితో గీకి తీసేయడం. తీసి వెనక్కి తిరిగి, జాలీకి నా ముక్కు ఎదురుగా అంటించింది.

"ఎవరు పెట్టారిది?"

"ఈగ వాలిందనుకున్నాను టీచరమ్మా," అన్నాడు నిదానం. మంచి మనిషి.

బండి గేటు దాటింది. వదిన నోటుబుక్కు తెరిచింది. "ఇప్పుడు ముప్పాతిక తొక్కండి."

"అంతా?"

"అంతా కాదు, ముప్పాతిక."

"టీచరమ్మా, నలభై ఏళ్ళుగా నేను ఈ కాలిని అదుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు వదిలేయమంటే దానికి అలవాటైపోతే?"

"నలభై ఏళ్ళు మీరు ఇంజన్‌కి మర్యాద చేశారు. ఇవాళ కాస్త పని చెప్పండి. దానికీ బాగుంటుంది."

నిదానం ఒక్క క్షణం ఆలోచించి తొక్కాడు. బండి ముందుకి ఉరికింది. నేను దుప్పట్లలోకి వెనక్కి పడ్డాను. పడినచోటు మెత్తగానే ఉంది గాని నా లెక్క గట్టిగా దెబ్బతింది. అంత తొక్కుడుకి ఎన్ని చుక్కలు పోయాయోనని కళ్ళు మూసుకున్నాను.

"బాణం వెలిగింది. గేరు."

వేశాడు.

"మళ్ళీ వెలిగింది. గేరు."

"ఇంకా ఇంజన్ పాడలేదు కదా?"

"పాట కచేరీలో వినండి. గేరు."

రెండు నిమిషాల్లో పై గేరుకి వచ్చేశాం. ఇంజన్ చప్పుడే లేదు. నిదానం చెవి ఒకవైపు వంచి, "ఆగిపోయిందా?" అన్నాడు. ఆగలేదు. దారిలో సిగ్నళ్ళు ఎర్రగా కనిపిస్తే వదిన అరఫర్లాంగు ముందే, "కాలు తీయండి, గేరు ఉంచండి," అనేది. బండి తనంత తానే నెమ్మదించేది. చాలాసార్లు సిగ్నల్ దగ్గరికి చేరేలోపే పచ్చదీపం వచ్చేసేది. ఎక్కుడులో పై గేరులోనే గట్టిగా తొక్కించింది. మరీ వణికితే ఒక్క గేరు దింపమంది.

కొండ దిగుడు వచ్చింది. నిదానం చెయ్యి అలవాటుగా గేరు మీదికి పోయింది. వదిన ఆ చేతి మీద ఎర్ర పెన్సిలుతో చిన్నగా కొట్టింది. "గేరు తీయకండి. కాలు తీయండి. ఆ చిన్న తెర చూడండి."

డీజిల్ ఎంత పోతోందో చూపే తెర అది. నేను కూడా జాలీకి కళ్ళు ఆనించాను. సున్నా అని ఉంది. సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన మళ్ళీ సున్నా. ఇంజన్ తిరుగుతూనే ఉంది. దిగుడు నాలుగు కిలోమీటర్లు. నాలుగు కిలోమీటర్లూ ఆ సున్నా కదల్లేదు. బ్రేకుల వాసన రాలేదు.

"న్యూట్రల్లో దిగితే ఇంజన్ తనంత తాను ఊరికే తిరగాలి. దానికి డీజిల్ కావాలి. ఇప్పుడు చక్రాలు తిప్పుతున్నాయి," అంది వదిన. "మీ ఇంట్లో కుట్టు మిషను ఉందా?"

"మా ఆవిడకి ఉంది టీచరమ్మా."

"బట్ట లేకుండా ఒకసారి తొక్కి చూడండి."

వెనక దుప్పట్లలో కూర్చుని నాకు ఆ సంగతి నా భాషలో అర్థమైంది. షట్టరు ఎత్తితే చాలు, బేరం ఉన్నా లేకపోయినా లైట్లు కాలతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి. రోజంతా తెరిచి నలుగురికి అమ్మినా అదే ఖర్చు. ఒక్క పూట తెరిచి నలుగురికి అమ్మితే సగం ఖర్చు. నేనేమో షట్టరు ఎత్తిపెట్టి, గిరాకీ రాకుండా మెల్లగా, మర్యాదగా, ముప్ఫై ఏళ్ళు నడిపాను. ఇది ఏ వ్యాపారి బిడ్డకైనా చెప్పకుండా తెలియాల్సిన విషయం. జర్మన్‌వాడు చెప్పాల్సొచ్చింది, వదిన రాయాల్సొచ్చింది, నేను దాన్ని కొట్టేయాల్సొచ్చింది.

లాండ్రీకి తిరిగొచ్చేసరికి ఇస్త్రీ సారు తువ్వాలూ తొడుగులూ సిద్ధంగా పెట్టుకుని ఉన్నారు. కొలత డబ్బా చేతిలోకి తీసుకుని, మూత తిప్పబోయి ఆగారు.

"పోసేముందు ఒక్క మాట తేలాలి. మంగళవారం తప్పు ఎవరిది? అదే పుస్తకం, అదే డ్రైవర్. టీచరుగారు పక్కన కూర్చుంటే గాని పనిచేయని పుస్తకం నాకు పనికిరాదు. పదకొండు బళ్ళకి పదకొండు మంది టీచర్లని నేనెక్కడ తేను?"

వదిన ఎర్ర పెన్సిలు మొన చూసుకుంటోంది. నా వైపు చూడలేదు.

లెక్క వేయడానికి నాకు ఎక్కువసేపు పట్టదు. కొలత బాగా వస్తే నిజం చవక. బాగా రాకపోతే నిజం చెప్పినా చెప్పకపోయినా బళ్ళు పోతాయి. తెలివైనవాడు పోసేదాకా ఆగి, కొలత చూసుకుని, అప్పుడు నోరు విప్పుతాడు. నేను అదే చేయబోయాను. కానీ ఆయన చేతిలో డబ్బా అలాగే ఆగి ఉంది. నేను చెబితే గాని ఒంగేలా లేదు.

"నాది," అన్నాను. "వదిన సరిగానే రాసింది. ఏడో పేజీ నేను దిద్దాను. నాకు తెలిసినదే సరైనదనుకున్నాను. మొన్న తప్పు అనువాదం మీదికి నెట్టింది కూడా నేనే."

బేరం ఖాయం కాకముందు నేను ఇంత నిజం చెప్పడం అదే మొదటిసారి. నోరంతా వెలితిగా అనిపించింది.

నిదానం గొంతు సవరించుకుని, "నాకు అది భలే నచ్చింది సారూ, ఆ పేజీ," అన్నాడు సాయపడుతూ.

ఇస్త్రీ సారు మూత తిప్పారు. డబ్బా ఒంచారు. ఒకటి. రెండు. మూడు. ఆయన పోస్తుంటే మేం ముగ్గురం ఒకే వరసలో ముందుకి వంగాం. నాలుగు. అయిదు. ఆరు. ఏడో డబ్బా నింపి ఒంచారు. డీజిల్ ట్యాంకు మూతి అంచుకి వచ్చి ఆగింది. డబ్బాని ఎత్తి కంటి ఎదురుగా పట్టుకున్నారు. మూడు గీతలు దిగింది.

"ఆరు లీటర్ల మూడు వందలు," అన్నారు. తువ్వాలు తీసి చక్కగా నాలుగు మడతలు పెట్టారు. "పదకొండూ పంపండి."

"సంతోషం సారూ. పుస్తకాలు కొత్తగా అచ్చేయించి…"

"వద్దు. ఆ యాభై పుస్తకాలే కావాలి. పాత వాక్యం కనిపించేలా కొట్టేసి, కింద సరైనది మీ చేత్తో రాయండి. మా డ్రైవర్లు చూసి నవ్వుకోవాలి. నవ్వుకున్నది వాళ్ళు మరిచిపోరు."

ఆదివారం పొద్దున్నుంచీ వదిన వాళ్ళ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాను. మా అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. ముప్పాతిక వంతు తొక్కండి, రెండు వేల చుట్లు దాటకముందే పై గేరు వేయండి, దిగుడులో గేరు తీయకండి. యాభై సార్లు. వదిన ఒక్కొక్కటీ చూసి పక్కన పెట్టింది. ఆరు వెనక్కి ఇచ్చింది.

"గీత వంకర పోయింది. మళ్ళీ రాయి."

"వదినా, డ్రైవర్లు గీత చూస్తారా?"

"నేను చూస్తాను."

అన్నీ అయ్యాక తను ఎర్ర పెన్సిలు తీసుకుని, ప్రతి అట్ట మీదా, అచ్చులో ఉన్న తన పేరు కింద, గుండ్రని అక్షరాలతో ఇంకో పంక్తి రాసింది. 'ఏడో పేజీ దిద్దుబాటు: మరిది.'

"నీ పేరు కూడా ఉండాలి కదా," అంది. "సిరా ఖర్చు లేదులే, పెన్సిలే."

సోమవారం పది బళ్ళు వెళ్ళాయి. పదకొండో దాని బానెట్ తెరిస్తే పిల్లి మీదికొచ్చింది. ఇస్త్రీ సారుకి ఫోన్ చేసి పిల్లలు తమంత తాము బయటికి నడిచేదాకా గడువు అడిగాను. ఆయన ఇస్త్రీ చేసిన పాత తువ్వాలు ఒకటి నిదానంతో పంపించారు, వాటి కింద పరవమని.